దాదాపు అందరూ నల్లజాతి పిలకాయలే ఉన్న బాస్కెట్‌బాల్ సినిమాలో వైవిధ్యం ఉన్నట్టా, లేనట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తిరుపతిలో డిగ్రీ పిల్లలతో ఫిలిం క్లబ్బు నడుపుతున్నారు. వచ్చే నెల 'కోచ్ కార్టర్' అనే అమెరికా బాస్కెట్‌బాల్ సినిమా వేయబోతున్నారు. ముందుగా నలుగురు కూర్చుని చూస్తే మాట కలవలేదు. తెర నిండా నల్లజాతివాళ్లే ఉన్నారు, ఇంతకన్నా ప్రాతినిధ్యం ఏం కావాలని ఒకరన్నారు. దాదాపు అందరూ ఒకే జాతి అయ్యాక వైవిధ్యం ఎక్కడుందని ఇంకొకరన్నారు. మళ్లీ అదే పేదవాడ, అవే మత్తుమందులు, అదే తుపాకీ, బయటపడాలంటే బంతి ఒక్కటే దారి, ఇది అరిగిపోయిన కథ అని మూడో మనిషి కొట్టిపారేశారు. వీళ్లలో ఎవరి మాట నిజం, అమెరికాలో నల్లజాతి వాడ ఎలా ఉంటుందో చూడని మన పిల్లల చేత దీని గురించి ఎలా మాట్లాడించాలి అని అడిగారు.

నేను సినిమా మనిషిని కాను. 27 ఏళ్లుగా తిరుపతిలో ఆడపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తున్నాను. వానకి సిమెంటు కోర్టు తడిసి ప్రాక్టీసు ఆగిపోయిన సాయంత్రాల్లో హాస్టల్ హాల్లో గోడకి తెల్ల దుప్పటి కట్టి ఈ సినిమాలే చూపిస్తూ వచ్చాను. ఒక్కొక్కటి ఏడెనిమిది బ్యాచ్‌లు చూసుంటాయి. ఆ పిల్లల దగ్గర నేర్చుకున్నదే ఇక్కడ చెప్తున్నాను.

సూటిగా జవాబు: మొదటి ఇద్దరూ తలకాయలు లెక్కపెట్టారు, అందుకే ఇద్దరికీ లెక్క తప్పింది. మూడో మనిషి మాటలో సగం నిజం ఉంది. తెర మీద ముఖాలు లెక్కపెట్టొద్దు. నిర్ణయాలు లెక్కపెట్టండి. కథ మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగి, దాన్ని తిప్పింది ఎవరో చూడండి. ఆ వాడ మనిషేనా, బయటి నుంచి వచ్చి ఉద్ధరించినవాడా, లేక ఎవరి ప్రమేయం లేకుండా తూటాయే తిప్పిందా? పదిమంది నల్లజాతి కుర్రాళ్లు పది రకాల నిర్ణయాలు తీసుకునే సినిమాలో కావలసినంత వైవిధ్యం ఉంది. నాలుగు జాతుల వాళ్లని వరసగా నిలబెట్టి, నిర్ణయాలన్నీ ఒక్కడి చేతికే ఇచ్చిన సినిమాలో ఉన్నది వైవిధ్యం కాదు, గ్రూపు ఫోటో.

దీన్ని పిల్లల చేత ఎలా చేయిస్తానో చెప్తాను, మీకు అదే ఎక్కువ పనికొస్తుంది. మా ఆటకి స్కోరు పుస్తకం ఉంటుంది. ఎవరెన్ని పాయింట్లు వేశారు, ఎవరికెన్ని ఫౌళ్లు పడ్డాయి అన్నీ అందులోకి ఎక్కాల్సిందే. సినిమా వేసే రోజు అదే పుస్తకం పిల్లల చేతికిస్తాను. ఆటగాళ్ల పేర్లు రాసేచోట పాత్రల పేర్లు రాసుకుంటారు. పక్కన నాలుగు గళ్లు. కోర్టు బయట ఈ మనిషికి ఇల్లూ పనీ ఏమైనా ఉన్నాయా? తనంతట తాను ఒక నిర్ణయం తీసుకున్నాడా? ఆలోచిస్తూ కనిపించాడా, లేక ఎగరడమూ దూకడమేనా? తనకంటూ ఏదైనా కోరుకున్నాడా, లేక ఇంకొకరి కథకి ఊతకర్రగా వచ్చిపోయాడా? కనిపించినప్పుడల్లా ఒక గీత పెడతారు. సినిమా అయిపోయాక పుస్తకం చూస్తే, మాటలతో గంటసేపు కొట్లాడినా తేలనిది కంటికి కనబడుతుంది.

'కోచ్ కార్టర్'కి మా పిల్లల పుస్తకం ఎలా నిండిందో చూడండి. 2005లో వచ్చిన ఈ సినిమాకి ఆధారం కాలిఫోర్నియాలోని రిచ్‌మండ్ ఊళ్లో 1999లో నిజంగా జరిగిన సంగతి. అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడని హైస్కూలు జట్టుని కెన్ కార్టర్ అనే కోచ్, చదువులో వెనకబడ్డారని చెప్పి, జిమ్ముకి తాళం వేసి బయట నిలబెట్టాడు. దర్శకుడు థామస్ కార్టర్, కోచ్‌గా నటించిన సామ్యూల్ ఎల్. జాక్సన్ ఇద్దరూ నల్లజాతివాళ్లే. సినిమా సగం దాకా గీతలన్నీ కోచ్ పేరు దగ్గరే పడతాయి. క్లాసులో ముందు వరసలో కూర్చోవాలి, మ్యాచ్ రోజు టై కట్టుకు రావాలి, మార్కుల సగటు నాలుగుకి 2.3 కన్నా తగ్గకూడదు, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. అన్నీ ఆయన నిర్ణయాలే. ఇక్కడ మా పిల్లలు ప్రతిసారీ విసుక్కుంటారు. "మేడం, ఈయన కూడా మీలాగే" అంటారు.

తర్వాత స్కూలు బోర్డు ఓటేసి తాళం తీయిస్తుంది. ఇక చేసేదేమీ లేదని కోచ్ వెళ్లిపోవడానికి సిద్ధపడి జిమ్ములోకి వస్తాడు. పిలకాయలు కోర్టు మధ్యలో బల్లలు వేసుకుని చదువుకుంటూ కూర్చునుంటారు. తాళం తీసిన బోర్డు చెప్పలేదు, కోచ్ చెప్పలేదు, వాళ్లే తేల్చుకున్నారు. పుస్తకంలో గీతలు ఒక్కసారిగా కోచ్ పేరు దగ్గర నుంచి కుర్రాళ్ల పేర్ల దగ్గరికి దూకుతాయి. ఈ సినిమాని నేను మళ్లీ మళ్లీ వేయడానికి ఆ ఒక్క సన్నివేశమే కారణం. ఆ జట్టులో టీమో క్రూజ్ అనే లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న కుర్రాడున్నాడు, జేసన్ లైల్ అనే తెల్లవాడున్నాడు. లెక్క కోసం వాళ్లని చూపించి, చూశారా వైవిధ్యం అనొచ్చు. అయితే క్రూజ్ నాకు నచ్చింది లాటినో అయినందుకు కాదు. జట్టు వదిలిపోతాడు, తిరిగొచ్చి బతిమాలతాడు, మళ్లీ పోతాడు, కళ్లముందే తన బంధువుని కాల్చి చంపితే వణుకుతూ కోచ్ ఇంటి తలుపు కొడతాడు. తప్పో ఒప్పో, ఆ పోకడంతా వాడిదే. లైల్ పేరు దగ్గర గీతలు మహా అయితే రెండో మూడో. తెల్లవాడన్న పేరుకి జట్టులో ఉన్నాడు, అంతే.

ఇప్పుడు మీ మూడో మనిషి మాట. పేదవాడ, మత్తుమందు, తుపాకీ అరిగిపోయిన కథ అన్నారు. నిజమే, అరిగింది. అలాగని అబద్ధం కాదు. అవన్నీ ఎందుకు వచ్చాయో సినిమా చెప్పదు, లోపం అక్కడుంది. కారణం తెలియనివాడికి అది ఆ మనుషుల గుణంలా కనిపిస్తుంది. కాబట్టి ఆ చెప్పని భాగం మీరు సినిమాకి ముందు పది నిమిషాల్లో చెప్పేయండి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆ రిచ్‌మండ్‌లో కైజర్ కంపెనీ నౌకలు కట్టే యార్డులు నడిపింది. అక్కడ 747 ఓడలు తయారయ్యాయి. ఆ పని కోసం అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వేలాది నల్లజాతి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వచ్చాయి. యుద్ధం ముగిసింది, యార్డులు మూతపడ్డాయి, మనుషులు మిగిలిపోయారు. మంచి పేటల్లో ఇల్లు కొందామంటే అమ్మరు, బ్యాంకు అప్పివ్వదు. 1930లలోనే ప్రభుత్వ సంస్థ ఒకటి ఊళ్ల పటాలు గీయించి, నల్లజాతివాళ్లు ఉండే వాడల చుట్టూ ఎర్రరంగు పూయించింది, అక్కడ అప్పులిస్తే తిరిగిరావని. ఇళ్ల విషయంలో ఈ వివక్షని నిషేధించిన చట్టం 1968లో గానీ రాలేదు. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లజాతివాళ్లు దక్షిణాది పల్లెల నుంచి ఉత్తరాది, పడమటి నగరాలకి వలస పోయారు. ఇది తెలిశాక తెర మీద ఆ ఇరుకు సందు చూస్తే పిల్లల ముఖాల్లో తేడా మీకే కనబడుతుంది. బెంగళూరుకో చెన్నైకో పనికి పోయినవాళ్లు లేని ఇల్లు మన జిల్లాలో ఎక్కడుంది?

ఇక్కడే ఒక మాట సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి సినిమాలని అక్కడ 'అర్బన్' సినిమాలంటారు. మనకి అర్బన్ అంటే పట్నం, అంతే. అమెరికా వినోద వ్యాపారంలో ఆ మాట చానాకాలం 'నల్లజాతి' అనడానికి మర్యాదముసుగుగా నడిచింది. గ్రామీ అవార్డులవాళ్లు కూడా ఒక విభాగం పేరులోంచి ఆ మాటని 2020లో తీసేశారు. పోస్టరు మీద 'అర్బన్ డ్రామా' అని రాసే ముందు ఒక్కసారి ఆలోచించుకోండి.

కోచ్‌గా నాకు అన్నిటికన్నా మండిపోయేది ఇంకొకటి ఉంది, దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నల్లజాతి ఆటగాడికి ప్రతిభ పుట్టుకతోనే వచ్చినట్టు చూపించడం. స్లో మోషన్‌లో గాల్లోకి లేస్తాడు, కండలు మెరుస్తాయి, బంతి రింగులో పడుతుంది. పక్కనున్న తెల్లవాడేమో ఎత్తులు వేస్తాడు, పాస్ ఎక్కడికివ్వాలో చూస్తాడు. ఒకడికి ఒళ్లు, ఇంకొకడికి బుర్ర. ఈ ఆటని 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు రెండు పీచ్‌పండ్ల బుట్టలు జిమ్ము బాల్కనీ కమ్మీకి కొట్టించి మొదలుపెట్టాడు. ఆ రోజు పెట్టిన 10 అడుగుల ఎత్తే ఇవాళ్టికీ రింగు ఎత్తు. 1920లు, 30లలో న్యూయార్క్, ఫిలడెల్ఫియా వాడల్లో ఈ ఆటని ఏలింది ఎవరనుకుంటున్నారు? యూదు కుర్రాళ్లు. ఇరుకు పేటలు, డబ్బు లేదు, స్థలం లేదు, ఒక రింగూ ఒక బంతీ చాలు. అప్పటి పత్రికలవాళ్లు ఏం రాశారో తెలుసా? యూదులకి ఈ ఆట రక్తంలోనే ఉందని, జిత్తులమారి బుర్ర వాళ్లకి పుట్టుకతో వస్తుందని. తర్వాత ఆ కుటుంబాలు శివారు పేటలకి వెళ్లిపోయాయి, ఆ కోర్టుల్లోకి నల్లజాతి పిల్లలొచ్చారు. వెంటనే పత్రికలవాళ్ల శాస్త్రం కూడా మారింది, ఇప్పుడు పుట్టుకతో వచ్చేది ఎగరడం అయింది. అమెరికాలో జీతాలిచ్చి ఆడించే పెద్ద లీగు ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి ఆటగాళ్లు అడుగుపెట్టింది 1950లో. అంతకుముందు వాళ్ల రక్తంలో ఆ ఆట లేదా మరి?

ఇది వేరే దేశం గొడవ అనుకోవద్దు. నా దగ్గర ఒక యానాది పిల్ల ఆడేది. శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చింది. బంతి దొరకగానే ఎదుటి రింగు వైపు దూసుకుపోయే ఫాస్ట్ బ్రేక్‌లో దాన్ని పట్టుకున్నవాళ్లు లేరు. ఒక టోర్నమెంటులో అతిథిగా వచ్చిన పెద్దమనిషి మెడల్ వేస్తూ, "వీళ్లకి పరుగు పుట్టుకతోనే వస్తుందండీ, అడవిలో తిరిగేవాళ్లు కదా" అని మైకులో అన్నాడు. ఆ పిల్ల మూడేళ్లు తెల్లవారుజామున 5 గంటలకి లేచి గ్రౌండు చుట్టూ పరిగెత్తింది. రెండుసార్లు మడమ బెణికింది. అడవి మొహం ఎరగదు, పుట్టింది బస్టాండు వెనక కాలనీలో. మెప్పులాగే వినిపించే ఆ మాటతో మూడేళ్ల చెమటని ఆయన ఒక్క నిమిషంలో తుడిచేశాడు. అందుకే సినిమాలో ప్రాక్టీసు ఎంతసేపు చూపించారో నేను గమనిస్తాను. 'కోచ్ కార్టర్'లో ఆ పిలకాయలు కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి పరిగెత్తి వాంతులయ్యేలా కనిపిస్తారు చూడండి, క్రూజ్‌కి శిక్షగా వేసిన పుష్-అప్‌ల లెక్క తేలకపోతే తోటివాళ్లు తలా కొన్ని పంచుకుంటారు చూడండి, అదీ ప్రాతినిధ్యం అంటే. ఆ చెమట చూపించినందుకు ఆ సినిమాకి నేను ఎన్నో తప్పులు మన్నిస్తాను.

ఎవరు తీశారన్నది ముఖ్యమా అని మీ పిల్లలు అడుగుతారు. ముఖ్యమే, కానీ అది ఒక్కటే చూస్తే పప్పులో కాలేస్తారు. నా జవాబు మన తిరుపతి గంగమ్మ జాతరలో ఉంది. తాతయ్యగుంట గంగమ్మకి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం ఊళ్లో మొక్కుకున్న ఎవరైనా కట్టొచ్చు. దొర వేషం, మాతంగి వేషం మాత్రం కైకాల కుటుంబం వాళ్లే కట్టాలి. అంటే కొన్ని వేషాలకి హక్కుదారులుంటారు, కొన్నిటికి నిష్ఠ ఉంటే చాలు. 1994లో వచ్చిన 'హూప్ డ్రీమ్స్' డాక్యుమెంటరీని తీసింది ముగ్గురు తెల్లవాళ్లు, దర్శకుడు స్టీవ్ జేమ్స్. చికాగో పేదవాడల్లోని ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు, విలియం గేట్స్, ఆర్థర్ ఏజీ, శివారులోని ప్రైవేటు స్కూలుకి ఆట కోసం ఎంపికవుతారు. అరగంట చిత్రంగా మొదలుపెట్టినవాళ్లు దాదాపు ఐదేళ్లు ఆ కుటుంబాల వెంట తిరిగారు, 250 గంటల దృశ్యాలు తీశారు. ఫీజు కట్టలేదని ఆర్థర్‌ని స్కూలు బయటికి పంపేస్తుంది. అంతకుముందు పుట్టుకతో వచ్చిన ప్రతిభ అని మెచ్చుకున్న స్కూలే. అయితే మా హాస్టల్ హాల్లో పిల్లలు ఏడ్చింది ఆ కుర్రాళ్లని చూసి కాదు. ఆర్థర్ వాళ్ల అమ్మ షీలా, ఇంట్లో కరెంటు కూడా లేని రోజులు దాటుకుని, నర్సింగ్ అసిస్టెంటు కోర్సులో క్లాసు మొత్తానికి ఎక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. ఆ సర్టిఫికెట్టు అందుకునే గదిలో జనం గుప్పెడే. ఆటగాడి కథలో ఆటగాడి తల్లి గెలిచిన రోజుని ఎవరు చూపిస్తారు? ఐదేళ్లు వెంట ఉన్నవాళ్లే చూపించగలరు. ఆ రాత్రి ఒక పిల్ల వాళ్లమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు ఏఎన్‌ఎం ట్రైనింగు పాసైనప్పుడు మనింట్లో ఎవరన్నా స్వీటు తెచ్చారా?" అని అడగడం నేను విన్నాను.

అదే ఇంకో పక్క చూడండి. 1998 నాటి 'హి గాట్ గేమ్' దర్శకుడు స్పైక్ లీ, నల్లజాతి సినిమాకి పెద్ద దిక్కు. కథ ఒక తండ్రిది, బాస్కెట్‌బాల్ ఆడే అతని కొడుకుది. కొడుకుగా వేసిన రే అలెన్ నిజంగా ఎన్‌బీఏ ఆటగాడు. చివర తండ్రీకొడుకులిద్దరే ఎదురెదురుగా ఆడే ఆట నా లెక్కలో గొప్ప సన్నివేశం. మరి ఆడవాళ్లు? తల్లి భర్త చేతిలో చనిపోయింది. ప్రియురాలు ఏజెంట్ల పక్షం చేరి స్వార్థం చూసుకుంటుంది. మూడో ఆమె ఒళ్లమ్ముకుని బతుకుతుంది. నల్లజాతి మగవాడి మనసులోకి అంత లోతుకి దిగిన దర్శకుడికి ఆడవాళ్ల పేర్ల దగ్గర పెట్టడానికి గీతలు దొరకలేదు. 2006 నాటి 'గ్లోరీ రోడ్'ది ఇంకో రకం. 1966లో టెక్సాస్ వెస్టర్న్ కాలేజీ మొదటి ఐదుగురూ నల్లజాతివాళ్లే ఉన్న జట్టుతో దిగి, అందరూ తెల్లవాళ్లే ఉన్న కెంటకీని 72-65తో ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. సినిమాలో కోచ్ డాన్ హాస్కిన్స్ వచ్చీరాగానే ఒకే ఏడాదిలో ఇదంతా చేసినట్టుంటుంది. నిజానికి ఆయన 1961 నుంచి అక్కడే ఉన్నాడు. కథ బిగువు కోసం ఐదేళ్లు కుదిస్తే ఏం పోయిందంటారా? ఆ ఐదేళ్లు ఆయన దగ్గర ఆడి, ఆ జట్టుని అక్కడిదాకా తెచ్చిన పాత ఆటగాళ్లు పోయారు. గెలుపు మొత్తం ఒక్క కోచ్ ఖాతాలో పడింది. నేనూ కోచ్‌నే, అయినా నాకది రుచించలేదు.

ఆడపిల్లలున్న క్లబ్బు అయితే 2000లో వచ్చిన 'లవ్ అండ్ బాస్కెట్‌బాల్' తప్పకుండా వేయండి, వీలైతే 'కోచ్ కార్టర్' కంటే ముందే. రాసి తీసినావిడ జీనా ప్రిన్స్-బైత్‌వుడ్, ఆమెకిది మొదటి సినిమా. కథ లాస్ ఏంజిలిస్‌లో డబ్బున్న నల్లజాతి కుటుంబాల పేటలో మొదలవుతుంది. పచ్చిక, కారు షెడ్డు, దాని మీద రింగు. అబ్బాయి తండ్రి ఎన్‌బీఏ ఆటగాడు. తుపాకీ లేదు. మా పిల్లలు మొదటిసారి చూసినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "మేడం, వీళ్లు నిజంగా నల్లజాతివాళ్లేనా? ఇంత మంచి ఇల్లేంది?" అని. వాళ్లని తిట్టలేదు. అంతకుముందు నేను చూపించిన సినిమాలన్నీ వాళ్లకి ఏం నేర్పాయో నాకు ఆ క్షణంలో తెలిసొచ్చింది. ఆ తప్పు నాది. అప్పటి నుంచి పేదవాడ సినిమా ఒక్కటే వేసి వదిలేయడం మానుకున్నాను.

అందులో మోనికా అనే పిల్ల కోర్టులో కోపంగా ఉంటే కోచ్ బెంచీ మీద కూర్చోబెడుతుంది. అదే కోపం మగపిల్లవాడు చూపిస్తే చప్పట్లు కొడతారు. ఆడవాళ్లకి అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ లీగ్ 1997లో గానీ ఆట మొదలుపెట్టలేదు, అందుకే కాలేజీ అయ్యాక ఆ పిల్ల ఆడటానికి స్పెయిన్ పోవాల్సి వస్తుంది. వంటింట్లో మోనికాకి వాళ్లమ్మకి జరిగే వాదన దగ్గర మా హాలు నిశ్శబ్దమైపోతుంది. తల్లి తన కలలు ఎందుకు వదులుకుందో, కూతురు తల్లిని ఎందుకు చిన్నచూపు చూసిందో ఇద్దరూ ముఖాముఖి అనేసుకుంటారు. ఆ తల్లి ఊతకర్ర పాత్ర కాదు. ఆమె పేరు దగ్గర కూడా గీతలుంటాయి. మోనికాగా వేసిన సనా లాతన్‌కి అంతకుముందు బాస్కెట్‌బాల్ రాదు, నెలల తరబడి నేర్చుకుంది. షాట్ వేసేటప్పుడు ఆమె మోచేయి చూస్తే ఆ కష్టం నాకు తెలుస్తుంది.

'కోచ్ కార్టర్' ఇక్కడే కాస్త తగ్గుతుంది. ప్రిన్సిపాల్ నల్లజాతి మహిళ, బాగుంది, కానీ ఎక్కువభాగం కోచ్‌కి అడ్డం నిలబడటమే ఆమె పని. ఆ స్కూల్లో ఆడపిల్లల జట్టు అనేదే కనిపించదు. కైరా అనే పిల్ల ఒక ఆటగాడి ప్రియురాలిగా, గర్భవతిగా వస్తుంది. ఈమె కూడా అంతేలే అనుకుంటుండగా, బిడ్డ విషయంలో నిర్ణయం తనే తీసుకుని తర్వాత అతనికి చెప్తుంది. మా పుస్తకంలో ఆమె పేరు దగ్గర ఒకే గీత, కానీ లావుపాటి గీత. మీ క్లబ్బులో దీని మీద మాట గట్టిగానే నడుస్తుంది, నడవనివ్వండి, మధ్యలో తీర్పు చెప్పకండి.

ఇంత దూరం ఉన్న సినిమాలు మన పిల్లలకి ఎలా పడతాయి అన్న భయం మీకు అక్కర్లేదు. మనం రాయలసీమ వాళ్లం. మనకి ఈ బాధ కొత్తది కాదు. ఏళ్ల తరబడి తెలుగు సినిమాలో సీమ అంటే ఏంది? తెల్ల చొక్కాలు, వరసకట్టిన సుమోలు, వేటకొడవళ్లు, నాటుబాంబులు. సీమలో బడిపంతులు లేడు, పోస్టుమాస్టరు లేడు, మదనపల్లె టమాట రైతు లేడు, రింగులో బంతి వేసే ఆడపిల్ల అసలే లేదు. మన యాస నవ్వుకో, భయానికో తప్ప మామూలు మాటకి పనికిరాలేదు. ముఠా కక్షలు అబద్ధమా అంటే కాదు, చచ్చినవాళ్లున్నారు. కానీ హైదరాబాదులో ఉద్యోగానికి పోయిన మా శిష్యురాలిని తోటివాళ్లు, "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగారంటే ఆ సినిమాలే కారణం. మీ పిల్లలని ఇది తలుచుకోమనండి. రిచ్‌మండ్ కుర్రాడు న్యూయార్క్‌లో ఏ ప్రశ్నలు వినుంటాడో వాళ్లే చెప్తారు.

మా జట్టు మీద కూడా ఒకసారి చిన్న సినిమా తీస్తామని కొందరొచ్చారు. పేరు చెప్పను. మా కెప్టెన్ నల్లటి పిల్ల, కూలీల ఇంటి నుంచి వచ్చింది. నాలుగు రోజులు తీశారు. కెప్టెన్ వేషానికి బయటి నుంచి తెల్లటి అమ్మాయిని తెచ్చుకున్నారు. మా పిల్లకి మాత్రం, షూ విప్పేసి వట్టికాళ్లతో అలిపిరి మెట్లెక్కుతూ పరిగెత్తమన్నారు, పేదరికం కనబడాలని. ఆ షూ అది టోర్నమెంటులో వచ్చిన ప్రైజు డబ్బుతో, కడప దాకా పోయి కొనుక్కున్నది. పెద్దవాళ్లు చెప్పారు కదా అని విప్పింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. తర్వాత బస్సులో వస్తూ, "మేడం, నేను షూ కొనుక్కున్న రోజు తీసుంటే బాగుండేది కదా" అంది. ఎవరినీ తప్పుపట్టకుండా, మామూలుగా అంది. అప్పటి నుంచి నాకు ఏ సినిమాలోనైనా పేద ఆటగాడు వట్టికాళ్లతో పరిగెత్తుతుంటే, వాడి షూ ఎవరు విప్పించారో అనిపిస్తుంది. అట్లా అనిపించిన రోజునే స్కోరు పుస్తకం సినిమా చూడటానికి తీశాను.

చివరగా మీ ప్రదర్శనకి పనికొచ్చే రెండు మూడు సంగతులు. ఈ సినిమాల్లో నల్లజాతివాళ్లు ఒకరినొకరు పిలుచుకునే ఒక మాట ఉంటుంది. అది బానిసత్వం నాటి తిట్టు. వాళ్లలో వాళ్లు అనుకోవడం వేరు, మనం అనడం వేరు. చెప్పకపోతే మగపిల్లలు మర్నాటి నుంచి క్యాంపస్‌లో అదే పిలుపు మొదలుపెడతారు, నా అనుభవం. మన పాత పుస్తకాల్లోని 'నీగ్రో' కూడా ఇప్పుడు వద్దు, నల్లజాతివాళ్లు అనో ఆఫ్రికన్ అమెరికన్లు అనో అంటే చాలు. తెలుగు సబ్‌టైటిళ్లు ఎవరైనా పిల్లల చేత రాయిస్తుంటే, ఆ కుర్రాళ్ల మాటకి కోస్తా పుస్తకభాష పెట్టించకండి, అలాగని సినిమా రౌడీల భాషా వద్దు. వాళ్ల ఇంట్లో మాట్లాడుకునే చిత్తూరు మాటలోనే రాయమనండి. మేము అట్లా రాసుకున్నప్పుడు క్రూజ్ గొంతు మా పక్కింటి పిలకాయ గొంతులా వినిపించింది.

నల్లరంగు గురించి ఎవరైనా నవ్వితే అక్కడే సినిమా ఆపేయండి. ఆపి, హాల్లో ఎంతమంది ఇళ్లల్లో పెళ్లిచూపులప్పుడు రంగు మాట వచ్చిందో చేతులెత్తమనండి. అంతకుమించి మీరు ఏమీ చెప్పక్కర్లేదు, మళ్లీ ప్లే నొక్కండి.

సినిమా అయ్యాక ఎవరు బాగా నటించారు, మీకేం నచ్చింది లాంటి ప్రశ్నలతో మొదలుపెట్టకండి. పుస్తకాలు తెరిపించి, ఒక్క గీత కూడా పడని పేరు ఎవరిదో పైకి చదవమనండి. చీర్‌లీడర్లలో ఒక పిల్ల కావచ్చు, బెంచీ చివర కూర్చునే ఆటగాడు కావచ్చు. ఆ మనిషి ఆ సాయంత్రం మ్యాచ్ అయ్యాక ఏ ఇంటికి వెళ్లింది, అన్నం ఎవరు పెట్టారు, ఎవరితో మాట్లాడింది, తలా ఒక ముక్క చెప్పమనండి. మా హాల్లో ఆ ప్రశ్న వేసిన మొదటి రాత్రి 10 దాటినా మాటలు ఆగలేదు, వార్డెన్ వచ్చి లైట్లు ఆర్పేసినాక చీకట్లోనే చెప్పుకున్నారు.